ఊపిరి వదిలితే పక్కకు తప్పుకునే మెషీన్

గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. అయినా ఒక్కటి చెప్పక తప్పదు. నిద్రలో ఊపిరాడించే మెషీన్‌ని డాక్టరు సలహా, కన్నకొడుకు సలహా, కట్టుకున్నదాని సలహా ఏదీ తీసుకోకుండా, ఒక్క మధ్యాహ్నంలో, కళ్ళు మూసుకుని ఎంచుకున్న మొనగాణ్ణి ఈ ఢిల్లీ నగరంలో నేనొక్కణ్ణే.

మెషీన్ సంగతి తరవాత. ముందు జబ్బు సంగతి వినండి. గురకని అందరూ తిడతారు. నేను ఒప్పుకోను. గురక ఒక వరం!

నేను సెంట్రల్ గవర్నమెంటులో గుమాస్తాగిరీ చేసినంత కాలం జనక్‌పురి నుంచి ఆఫీసుకి చార్టర్డ్ బస్సులో వెళ్ళేవాణ్ణి. ఇద్దరి సీట్లో ముగ్గురు ఇరుక్కునే బస్సు అది. నా సీట్లో మాత్రం నేనొక్కణ్ణే. రాజౌరీ గార్డెన్ వచ్చేలోపే నా గురక అందుకునేది, పక్కవాడు లేచి రాడ్డు పట్టుకుని నిలబడేవాడు. జాయింట్ సెక్రటరీకైనా బస్సులో అంత జాగా దొరుకుతుందా?

ఎండాకాలం మా బ్లాకులో కరెంటు పోయినప్పుడు, ఎదురింటి సర్దార్జీ కిటికీ దగ్గర చెవి పెట్టి విని, మాకు జనరేటర్ ఉందని రూఢి చేసుకున్నాడు. పొద్దున్నే తన ఇన్సులిన్ సీసాలన్నీ పట్టుకొచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టించాడు. కూలర్ పంపు ఎత్తుకుపోదామని గోడ దూకిన దొంగ, ఈ ఇంట్లో ఏ జంతువుని పెంచుతున్నారో తేల్చుకోలేక, చెప్పులు వదిలేసి పారిపోయాడు. సరిగ్గా నా కొలతే. అవి అరిగేదాకా తొడిగాను.

ఇక చర్చి. మా తెలుగు సంఘం వాళ్ళం ఢిల్లీకి వచ్చి ఎన్నేళ్ళయినా నరసాపురం పద్ధతి వదల్లేదు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, మధ్యన దారి. ఈ పద్ధతి నన్ను ఎంత పెద్దవాణ్ణి చేసిందో చెప్పాలంటే, మా ఆవిడ మోచేతి గురించి చెప్పాలి.

మా ఆవిడ మార్త పెద్దాసుపత్రిలో నర్సు. ఇంకా రిటైర్ కాలేదు. ఇంట్లో నేను పడుకున్నాక, గురక మధ్యలో నా ఊపిరి ఆగినప్పుడల్లా డొక్కలో మోచేత్తో ఒక్క పోటు పొడుస్తుంది. ఊపిరి వచ్చేస్తుంది. చర్చిలోనో? నేను ఇటు, మోచెయ్యి అటు. ప్రసంగం మొదలవగానే నాకు కన్నంటుకుంటుంది, ఊపిరి ఆగుతుంది, పొడిచే దిక్కు లేదు. చివరికి చెరువులో మునిగినవాడు పైకి తేలినట్టు 'హాఁ' అంటూ ఉలిక్కిపడి లేస్తాను. పక్కవాళ్ళు చూస్తారు కదా, అందుకని దాని వెనకే 'స్తోత్రం!' అని తగిలిస్తాను. సంఘమంతా 'ఆమేన్' అంటుంది. పాస్టరుగారికి హుషారొచ్చి ఇంకో వాక్యం తీస్తారు.

"వాక్యం గుండెకి తగిలే చోటే సాలొమోనుగారు స్తోత్రం అంటారు, గమనించండి" అని ఆయన అందరికీ చెప్పేవారు. అలా చెప్పి చెప్పి నన్ను సంఘపెద్దని చేశారు. మెలకువగా కూర్చున్నవాడికి ఎవడికైనా ఇంత పేరు వచ్చిందా?

ఇలాంటి జబ్బుని మా మార్త వదిలించాలని పట్టుపట్టింది.

ముందు నాకు అర్థం కాలేదు. ఆ వయసులో నర్సులు నైట్ డ్యూటీలు తప్పించమని ప్రాధేయపడతారు. ఈవిడ కావాలని అడిగి వేయించుకుంది.

"ఇంట్లో సుఖంగా పడుకోక ఈ వయసులో నైట్లేంటి మార్తా?" అన్నాను.

"ఇంట్లో పడుకుంటున్నానా నేను? ఇదీ నైట్ డ్యూటీయే కదండీ. అక్కడైతే మధ్యలో టీ అయినా ఇస్తారు."

"మరి నువ్వక్కడుంటే నన్ను పొడిచేదెవరు?"

దానికీ ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. వార్డు నుంచి ఫోన్ చేసేది. నేను గాఢనిద్రలోంచి తడుముకుంటూ లేచి 'హలో' అంటే, "ఆఁ, ఉన్నారుగా, పడుకోండి" అని పెట్టేసేది. అలా అక్కడా కునుకు లేదు, పగలు ఇంటికొచ్చినా కునుకు లేదు. ఒకరోజు కూరలో ఉప్పుకి బదులు పంచదార వేసి, రుచి చూసి, బాగానే ఉందంది. అప్పుడు నాకు భయం వేసింది.

ఆవిడే నన్ను పట్టుకెళ్ళి నిద్ర టెస్టు చేయించింది. తలకీ ఛాతీకీ వైర్లు తగిలించి పడుకోబెట్టారు. నిద్ర రాని మనిషికి టెస్టు చేస్తారు గాని, ఇంత బాగా నిద్రపోయేవాడికి టెస్టేమిటి?

"నిద్రలో మీ ఊపిరి ఆగిపోతోంది" అన్నాడు డాక్టరు.

"మళ్ళీ వస్తోందా?"

"ఇంతవరకు వచ్చింది" అన్నాడు ఆ మహానుభావుడు.

దారిలో మార్త తేల్చి చెప్పింది. "మెషీన్ కొందాం. అది మిమ్మల్ని చూసుకుంటుందని నాకు నమ్మకం కుదిరితే నైట్లు మానేస్తాను. కుదరకపోతే రిటైరయ్యేదాకా ఇంతే."

అలా యూసఫ్ సరాయ్‌లో ఒక షాపుకి వెళ్ళాం. డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది మార్త. టై కట్టుకున్న సేల్స్‌మన్ మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, టేబుల్ మీద రెండు మెషీన్లు పెట్టాడు. చూడ్డానికి రెండూ టిఫిన్ క్యారేజీల్లాగే ఉన్నాయి. మొదటిదాని గొట్టం నా ముక్కుకి తగిలించి మీట నొక్కాడు.

పీల్చుకోవడం హాయిగానే ఉంది. వదిలేటప్పుడే వచ్చింది తంటా. రాజీవ్ చౌక్‌లో మీరు మెట్రో దిగబోతుంటే, ఎక్కేవాళ్ళంతా మిమ్మల్ని మళ్ళీ లోపలికి తోసుకుంటూ వస్తారు చూడండి, నా ఊపిరి గతీ అంతే. బయటికి రానివ్వదు.

నేను తక్కువవాణ్ణా? మా ఊరి బళ్ళో వెనక వరసలో కూర్చుని మాస్టారి బల్ల మీద లాంతరు ఊది ఆర్పినవాణ్ణి. చిమ్నీ తియ్యకుండా! బుగ్గలు పూరించి ఎదురు ఊదాను. మాస్కు పక్కల నుంచి ఈల వినిపించింది. నా కళ్ళజోడు మసకబారింది. పక్క సోఫాలో పేషెంటు లేచి దూరంగా కూర్చున్నాడు.

"అంకుల్‌జీ, సాఁస్ ఛోడియే, లడాయీ మత్ కీజియే" అన్నాడు సేల్స్‌మన్, ఊపిరి వదలండి, పోట్లాడకండి అని.

"ఛోడ్ తో రహా హూఁ భయ్యా, యే లేతా నహీఁ." నేను వదులుతూనే ఉన్నాను, ఇదే తీసుకోవడం లేదని నా మొర.

"గాలితో కూడా పోట్లాటేనండీ మీకు?" అంది మార్త. అంటూనే మోచెయ్యి సిద్ధం చేసుకుంది, అలవాటు కొద్దీ.

ఇదే కొనేద్దాం, పది రోజుల్లో దీన్ని ఓడిస్తానన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. రెండోది పెట్టమంది.

రెండోదాంట్లో ఎగ్జేల్ రిలీఫ్ ఉందన్నాడు సేల్స్‌మన్. మనం ఊపిరి వదులుతున్నామని అది కనిపెట్టి ప్రెషర్ తగ్గిస్తుందట. పీల్చగానే మళ్ళీ పెంచుతుందట. ఎంత తగ్గాలో కూడా మనమే చెప్పొచ్చట: కొంచెం, మధ్యస్తం, బాగా. నవ్వొచ్చింది. సరే చూద్దామని ఊపిరి వదిలాను.

తప్పుకుంది!

నిజంగానే పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ఢిల్లీలో ఇన్నేళ్ళున్నాను, నేను ఊపిరి వదిలానని గమనించి ఒక్క అడుగు వెనక్కి వేసినవాణ్ణి చూడలేదు. సెక్షన్ ఆఫీసరు వెయ్యలేదు. బస్సు కండక్టరు వెయ్యలేదు. మార్త మోచెయ్యి అసలే వెయ్యలేదు. ఇంత మర్యాద తట్టుకోలేక, షాపులో జనం తిరుగుతుండగానే, నేను నిద్రలోకి జారిపోయాను.

కళ్ళు తెరిచేసరికి నా భుజం మీద ఏదో బరువు. మార్త తల. ఒళ్ళో డ్యూటీ బ్యాగు, సోఫా మీద వాలిపోయిన మోచెయ్యి. గాఢనిద్ర. సేల్స్‌మన్ టీవీ గొంతు తగ్గించి, వచ్చేవాళ్ళని సైగలతో అటు పంపిస్తున్నాడు.

"మేడమ్‌నే పసంద్ కర్ లియా" అన్నాడు గుసగుసగా, మేడమ్‌గారు ఎంచేసుకున్నారని.

మొదట్లో నేను చెప్పుకున్న గొప్ప మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని ఇక్కడ కొట్టేసుకోండి. ఎంచుకున్నది నేను కాదు. నన్ను నమ్ముకుంటే మొదటిదాంతో ఈపాటికి కుస్తీ పడుతూ ఉండేవాణ్ణి.

మార్త నైట్లు మానేసింది. ఇన్వర్టర్‌కి ఫ్యాను తీసేసి మెషీన్ కలిపాం. కరెంటు పోతే నాకు గాలి, ఆవిడకి ఉక్కపోత. అయినా నిద్రలో కదలదు. నేనే అప్పుడప్పుడూ, ఊపిరుందా అని చూస్తుంటాను.

నష్టాలు మాత్రం నావే. మా జనరేటర్ పాడైందని సర్దార్జీ ఇన్సులిన్ పట్టుకుపోయాడు. దొంగల నుంచి కొత్త చెప్పులు రావడం లేదు. అన్నిటికంటే ఘోరం చర్చిలో జరిగింది. కంటినిండా నిద్రపోయి వెళ్తున్నాను కదా, ఇప్పుడు ప్రసంగం మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తోంది. నేను సంఘపెద్దనై ఇన్నేళ్ళయినా అది అంత పొడుగని నాకు తెలియనే తెలియదు. స్తోత్రం అనాల్సిన చోటు ఎక్కడా తగలడం లేదు. మొన్న ఆరాధన అయ్యాక పాస్టరుగారు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "సాలొమోనుగారూ, ఈమధ్య మీలో ఆత్మ చల్లారినట్టుంది. మీ కోసం ప్రార్థన చేస్తున్నాను" అన్నారు.

మెషీన్ కంపెనీవారికి చిన్న మనవి. ఎదుటివాడు ఉస్సురని ఊపిరి వదలగానే ప్రెషర్ తగ్గించే ఆ ఏర్పాటు ప్రసంగ వేదికకి కూడా తగిలించే వీలుందా? 'కొంచెం' మీద పెట్టినా చాలు.

ఇందులో ఎంత నిజమని అడుగుతారు, నాకు తెలుసు. చెప్పులు నిజం. ఇన్సులిన్ నిజం. లాంతరు దేవుడి తోడు నిజం. నేను కల్పించింది ఒక్కటే, షాపులో నా నిద్ర. నిజానికి నేను నిద్రపోలేదు. రెండో మెషీన్ పెట్టాక నా ఊపిరి నెమ్మదించింది. మార్త చెవి పెట్టి వింటోంది, నాకు తెలుస్తూనే ఉంది. వింటూ వింటూ తల నా భుజం మీద వాల్చేసింది. అప్పుడే సేల్స్‌మన్ వచ్చి, "అంకుల్‌జీ, కైసా లగా?" అని, ఎలా ఉందో అడిగాడు.

జవాబు చెబితే ఆవిడ లేస్తుంది. కళ్ళు మూసుకున్నాను.