పెద్దబ్బాయి లొంగిపోయిన రోజు

ఆ ఉదయం అల్లుడుగారు పెట్టుకున్న పని చాలా తేలిక. కాఫీ తాగాలి. మూడంతస్తుల ఇనుప మనిషి గుండెలోకి ఎక్కి కూర్చోవాలి. దాన్ని నడిపించుకుంటూ ఊరవతలి మైదానానికి వెళ్ళాలి. అక్కడ సైన్యంవాళ్ళు కట్టి ఉంచిన గోడను ఒక్క తన్ను తన్ని, జనరల్‌గారికి సెల్యూట్ కొట్టి, భోజనం వేళకి ఇంటికొచ్చెయ్యాలి. ఇందులో కష్టమైనది కాఫీ తాగడం ఒక్కటే. ఎందుకంటే అది అత్తగారి చేతిమీదుగా రావాలి.

అత్తగారికి లాండ్రీ ఉంది. ఊళ్ళో ఆసుపత్రి దుప్పట్లన్నీ అక్కడే ఉతుకుతారు. పెళ్ళయిన కొత్తలో అల్లుడు అందులోనే పనికి చేరాడు; చేరిన పూటే తుమ్మడం మొదలుపెట్టాడు. తెల్లబట్టలకు వేసే బ్లీచింగ్ పొడి అతని ముక్కుకు పడదు. ఆ తుమ్ములకి ఆరిన దుప్పట్లు మళ్ళీ తడిసిపోతున్నాయని అత్తగారి అభియోగం. అది అబద్ధమని వాదించడానికి అల్లుడి దగ్గర సాక్ష్యం లేదు, తుమ్మేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు గనక.

ఆ తుమ్ముల్లోంచి అతన్ని బయటికి లాగినవాడు బావమరిది. లాండ్రీ పక్కన షెడ్డు వేసుకుని, యుద్ధాల్లో గెలిపించే యంత్రం అంటూ ఆ ఇనుప మనిషిని కట్టాడు. లోపల కూర్చున్న మనిషి చేతులకీ కాళ్ళకీ పట్టీలు బిగిస్తారు. అతను చెయ్యెత్తితే యంత్రమూ చెయ్యెత్తుతుంది, అతను గోక్కుంటే అదీ గోక్కుంటుంది. అత్తగారు దానికి పెద్దబ్బాయి అని పేరు పెట్టారు. "చిన్నబ్బాయికి బుద్ధి లేదు, పెద్దబ్బాయికి ప్రాణం లేదు. నా కడుపు ఇలా పండింది" అని వచ్చినవాళ్ళకి చెప్పుకునేవారు.

"అల్లుడుగారూ, ఇదిగోండి కాఫీ." ఆవిడ గ్లాసు బల్లమీద ఠక్కుమని పెట్టారు. ఆవిడకి కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. ఇన్నేళ్ళలో అల్లుడికి ఆ మర్యాద ఒక్కరోజూ తగ్గలేదు. "మాట గుర్తుంది కదా? సైన్యంవాళ్ళు మీ బొమ్మని తీసుకుంటే సరే. లేదంటే సోమవారం నుంచి బావా బావమరిదీ ఇద్దరూ వచ్చి నా దుప్పట్లు పిండాలి."

అల్లుడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "అత్తయ్యా, ఈ జన్మలో తడిదుప్పటి ముట్టుకుంటే నా పేరు మార్చెయ్యండి."

"మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేదెవరు గనక, మార్చడానికి!" అని ఆవిడ లాండ్రీలోకి వెళ్ళిపోయారు.

అల్లుడు పెద్దబ్బాయి గుండెలోకి ఎక్కి పట్టీలు బిగించుకున్నాడు. చెవి దగ్గర రేడియో, ఎదురుగా అద్దం. నాలుగడుగులు వేసి షెడ్డు గేటు దగ్గరికి వచ్చేసరికి నెత్తిన ఠంగుమంది. రోజూ హాయిగా పట్టే గేటు ఈరోజు పట్టలేదు.

"ఏంట్రా ఇది?"

"తలమీద సైరన్ దీపం బిగించా బావా, గంభీరంగా ఉంటుందని" అన్నాడు కిందనుంచి బావమరిది.

"విప్పెయ్."

"వెల్డింగ్ చేసేశా."

"వంగి వెళ్ళనా?"

"వంగితే ముందుకి తూలుతుంది. ఇప్పుడు తల బరువు కదా. అమ్మ పెరట్లోంచి పోనీ బావా, అక్కడ గేటుకి పైకమ్మీ లేదు. నేను మైదానానికి ముందే వెళ్తా. జనరల్‌గారు వచ్చేసుంటారు."

ఆ పెరడు దుప్పట్లు ఆరేసే చోటు. రాత్రంతా వాన పడటంతో, ఆ పొద్దున ఆసుపత్రి దుప్పట్లన్నీ ఇంకా ఆరక, అక్కడే ఎత్తైన గుంజలకి కట్టిన తాళ్ళమీద వేలాడుతున్నాయి. అల్లుడు ఊపిరి బిగబట్టి, పాలగిన్నెల మధ్య నడిచే పిల్లిలా పెద్దబ్బాయిని నడిపించాడు. దాదాపు దాటేశాడు కూడా.

"అల్లుడుగారూ!"

అత్తగారు పిలిస్తే చేతులు వెనక్కి కట్టుకుని తల దించుకోవడం అతనికి పెళ్ళినాటి నుంచీ అలవాటు. మూడంతస్తుల మీద ఉన్నా అలవాటు అలవాటే. అతను తల దించాడు. పెద్దబ్బాయి కూడా తల దించాడు. సైరన్ దీపం వెళ్ళి దుప్పట్ల తాళ్ళన్నిటినీ గాలంలా పట్టుకుంది. గాభరాగా తలెత్తితే తాళ్ళు, తాళ్ళతో గుంజలు, గుంజలతో దుప్పట్లు మొత్తం లేచివచ్చాయి. తడిదుప్పటి ఒకటి అద్దానికి అంటుకుని లోకమంతా తెల్లబడిపోయింది. లాగేద్దామని చెయ్యి చాస్తే ఆ చేతికి ఇంకో నాలుగు చుట్టుకున్నాయి. అద్దం సందులోంచి బ్లీచింగ్ పొడి వాసన మెల్లగా లోపలికి వచ్చి, పాత స్నేహితుడిలా ముక్కుని పలకరించింది.

"ఒరేయ్, నాకేం కనబడటంలేదు" అన్నాడు రేడియోలో.

"ఆగకు బావా! జనరల్‌గారు గడియారం చూసుకుంటున్నారు. యుద్ధంలో మాత్రం అన్నీ కనబడతాయా?" అని బావమరిది మైదానం నుంచి ధైర్యం చెప్పాడు. ధైర్యం చెప్పేవాడు దూరంగానే ఉంటాడు కదా.

ఇంతలో రేడియో అక్కర్లేని గొంతు ఒకటి కిందనుంచి వినబడింది. అత్తగారు బట్టలు కలిపే కర్ర పుచ్చుకుని యంత్రం ముందుకి వచ్చి నిలబడ్డారు. "నా దుప్పట్లు ఎక్కడికి పోతే నేనూ అక్కడికే! కుడికాలు ముందుకి! ఆ గోడ మంగలిది, దాని జోలికి పోవద్దు!"

అలా ఊరేగింపు బయల్దేరింది. ముందు కర్రతో అత్తగారు, వెనక గుడ్డివాడిలా చేతులు చాచుకుని మూడంతస్తుల పెద్దబ్బాయి, దాని వెనక వీధి పొడుగునా దుప్పట్ల తోక. మంగలి సగం గీసిన గడ్డాన్ని వదిలేసి బయటికి వచ్చాడు. ఆ గడ్డం యజమాని కూడా వచ్చాడు. ఎదురొచ్చిన బస్సు, దారి ఎవరిదన్న వాదన పెట్టుకోకుండా వచ్చిన దారినే వెనక్కి పోయింది.

మైదానంలో ఒక పక్క డేరా కింద జనరల్‌గారు, ఆయన అధికారులు, చెమటలు కక్కుతూ బావమరిది. ఇంకో పక్క కందకాల్లో, శత్రువుల వేషం వేసిన సైనికులు ఉత్తుత్తి తూటాలతో కాచుకుని ఉన్నారు. వాళ్ళకి కనబడిందేమిటంటే, నెత్తినుంచి పాదాల దాకా తెల్లగుడ్డ కప్పుకున్న ఇనుప రాక్షసుడు, వాడి ముందు రాయబారిలా నడిచొస్తున్న ఒక పెద్దావిడ. తెల్లగుడ్డ చూస్తే తుపాకి దించాలన్నది యుద్ధనీతి. దించారు. కందకాల్లోంచి లేచి ఒకరినొకరు కావలించుకున్నారు. వాళ్ళ కెప్టెన్ వచ్చి అత్తగారికి సెల్యూట్ కొట్టాడు.

"మీ షరతులేమిటమ్మా?"

"బూట్లతో దుప్పటి తొక్కావంటే ఊరుకోను. అదే షరతు."

డేరాలో జనరల్‌గారు మీసం సవరించుకున్నారు. "ఏమయ్యా, యుద్ధం ఇంకా మొదలవలేదు కదా?"

"లేదు సార్" అన్నాడు బావమరిది.

"మరి నీ యంత్రం ఎందుకు లొంగిపోయింది?"

"లొంగిపోలేదు సార్. అవి ఆసుపత్రి దుప్పట్లు."

"ఓహో. యుద్ధానికి రాకముందే ఆసుపత్రికి కూడా వెళ్ళొచ్చిందన్నమాట."

బావమరిది రేడియోని నోటికి అదుముకున్నాడు. "బావా, పరువు పోతోంది! డేరా నీ ఎదురుగానే ఉంది. రెండడుగులు వేసి గట్టిగా ఒక సెల్యూట్ కొట్టు!"

అల్లుడు రెండడుగులు వేశాడు. మొదటి అడుగు నేలమీద పడింది. రెండోది నేలలో పడింది. రాత్రి వానకి మైదానం పాయసంలా నాని ఉంది. అంత బరువూ ఆ ఒంటికాలిమీద పడేసరికి అది మోకాలి దాకా దిగిపోయింది. పెద్దబ్బాయి మెల్లగా, మర్యాదగా, డేరావైపు ఒరిగాడు.

పడబోయే మనిషి ఏం చేస్తాడు? చేతులు ముందుకి చాస్తాడు. అల్లుడూ చాచాడు. కళ్ళు తెరిచేసరికి పెద్దబ్బాయి రెండు అరచేతులమీదా రెండు మోకాళ్ళమీదా ఆనుకుని, సరిగ్గా డేరామీద గొడుగులా నిలబడి ఉన్నాడు. డేరా గుంజలు విరిగి గుడ్డ కిందికి కూలింది. దాని అంచులు నాలుగు పక్కలా ఇనుప చేతుల కిందా కాళ్ళ కిందా ఇరుక్కుపోయాయి. లోపల జనరల్‌గారు, అధికారులు, బావమరిది సంచిలో పిల్లుల్లా పెనుగులాడుతున్నారు. అల్లుడి మోచెయ్యి కాస్త మడత పడితే చాలు, సంచి అప్పడం అవుతుంది.

సరిగ్గా అప్పుడే ముక్కు కొస చిమచిమలాడింది.

"ఒరేయ్" అన్నాడు అల్లుడు రేడియోలో. "తుమ్మొస్తోందిరా."

"వద్దు బావా! నీకు దణ్ణం పెడతా! కింద నేనున్నా బావా!"

ఆ చివరిమాట అల్లుడి మనసుని ఎటో లాగింది కానీ, జనరల్‌గారు కూడా ఉన్నారని గుర్తుతెచ్చుకుని నిగ్రహించుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. అవి వణికితే పెద్దబ్బాయి చేతులూ వణుకుతున్నాయి. ముక్కు నలుపుకోవాలంటే చెయ్యెత్తాలి, చెయ్యెత్తితే హత్య. తుమ్ము కడుపులో పుట్టి, గుండె దాటి, గొంతు దాటి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అప్పుడు ఎవరో ఇనుప చేతిమీదికి ఎక్కి అద్దంమీది దుప్పటిని కర్రతో చర్రున లాగేశారు. ఎదురుగా, జానెడు దూరంలో, అత్తగారి ముఖం.

"అల్లుడుగారూ! తుమ్మారంటే చూడండి!"

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు: గుమ్మం దాకా వచ్చిన తుమ్ము ఆ ముఖం చూసి, చెప్పులు చేతపట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి పోయింది.

అత్తగారు చూపు అతని మీదినుంచి తిప్పకుండానే, బట్టలు కలిపే కర్రని డేరా గుడ్డ కిందకి దోపి ఒక అంచు పైకెత్తారు. "ఒరేయ్, ఇటు పాకండి. ముందు ఆ మీసాలాయన్ని పంపు." జనరల్‌గారు నాలుగు కాళ్ళమీద బయటికొచ్చారు. ఆయన వెనక అధికారులు. చివరికి బావమరిది. ఆఖరి చెప్పు కూడా బయటపడ్డాక ఆవిడ అద్దం దగ్గరనుంచి దిగి పక్కకి తప్పుకున్నారు.

"అయిపోయింది నాయనా. ఇంక తుమ్ము."

ఆ తుమ్ముకి పెద్దబ్బాయి ముఖం బురదలో బోర్లా పడింది, డేరా కుర్చీలు పుల్లలైపోయాయి, ఇంతసేపూ పలకని సైరన్ దీపం వెలిగి కుయ్యోమని మోగింది.

అల్లుణ్ణి పట్టీలు కోసి బయటికి లాగారు. అత్తగారు ఉన్నవాటిలో తెల్లటి దుప్పటి చూసి దానితో అతని ముఖం తుడిచారు.

"దుప్పట్లన్నీ పాడైపోయాయి అత్తయ్యా" అన్నాడు అతను బిక్కముఖంతో.

"పోతే పోనీ. మురికైతే ఉతుక్కుంటాను. నీకేమైనా అయితే నిన్ను ఎక్కణ్ణుంచి తేను? దుప్పట్ల కోసమే అంతదూరం నడిచొచ్చాననుకున్నావా?"

అల్లుడి కళ్ళు నీళ్ళతో నిండాయి. బ్లీచింగ్ పొడి వల్లే అని అందరికీ చెప్పాడు, ఎవరూ అడగలేదు.

జనరల్‌గారు వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నారు. "ఆ చేతుల్ని నువ్వు వంచకపోబట్టే మేం బతికాం బాబూ. జన్మలో మర్చిపోను." తరవాత బావమరిదివైపు తిరిగారు. "నీ యంత్రం మాత్రం యుద్ధానికి పనికిరాదయ్యా. ట్యాంకు గుట్ట వెనక దాక్కుంటుంది. ఇది దాక్కోవాలంటే గుట్టని కూడా వెంట మోసుకెళ్ళాలి. ఆ బరువంతా రెండు పాదాలమీదా! శత్రువుకి బహుమతిగా పంపిస్తే మనకి లాభం."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా" అన్నారు అత్తగారు.

"మేం ఏళ్ళ తరబడి చదివిన యుద్ధశాస్త్రం కూడా అంతేనమ్మా" అంటూ, ఆయన అల్లుడి ముఖం తుడిచిన దుప్పటి అందుకుని ఎండకి పట్టి చూశారు. "ఇదేమిటి, ఇంత తెల్లగా ఉంది? మా సైనిక ఆసుపత్రి దుప్పట్లు కొన్నప్పుడు ఏ రంగో ఎవరికీ గుర్తులేదు. అన్నీ మీకే పంపిస్తాను, ఉతికిపెడతారా?"

అలా సైన్యం ఆర్డరు ఆ ఇంటికే వచ్చింది, ఒక గేటు పక్కకి జరిగి. లారీల్లో దుప్పట్లు దిగాయి. అన్నీ పిండే చేతులు లాండ్రీలో లేవు. అత్తగారు కొండలా పడి ఉన్న దుప్పట్లని చూశారు, షెడ్డులో బురద కడిగించుకుని కూర్చున్న పెద్దబ్బాయిని చూశారు, చివరికి అల్లుణ్ణి చూశారు.

సోమవారం పొద్దున అల్లుడు కాఫీ తాగాడు. అది వేడిగా ఉంది. గ్లాసు చప్పుడు చెయ్యకుండా వచ్చింది. పెద్దబ్బాయి గుండెలోకి ఎక్కాడు. అద్దం సందులన్నీ బావమరిది ముందే మూసేశాడు, సైరన్ దీపం కూడా కోసేశాడు. లోపల ఇతను రెండు పిడికిళ్ళు బిగించి మెలితిప్పితే బయట పెద్దబ్బాయి ఒకేసారి పాతిక దుప్పట్లు పిండేస్తాడు. ముక్కుకి వాసన లేదు, చేతికి తడి లేదు. అన్న మాట ప్రకారం ఈరోజు వరకు అతను తడిదుప్పటి ముట్టుకోలేదు.

పిండటం అయ్యాక పెద్దబ్బాయి చేతులు రెండూ బార్లా చాపుకుని పెరట్లో నిలబడతాడు, వాటిమీద దుప్పట్లు ఆరేస్తారు. అప్పటినుంచీ ఆ వీధిమీదికి ఏ శత్రువూ దండెత్తి రాలేదు గనక, యంత్రం యుద్ధానికి పనికిరాదన్న మాట బావమరిది ఇప్పటికీ ఒప్పుకోడు.