అరుగు మీది గుండెలు

ఉత్తర కలకత్తా ఖాంతమణి సందులో కుందు గారి అరుగు మీద కూర్చోవడానికి ఎవరికీ అడ్డు లేదు. గుండెజబ్బు ఒక్కటి ఉంటే చాలు. రోజుకి ఆరు మాత్రలు దాటినవారు గోడకి ఆనుకుని కూర్చోవచ్చు. మూడూ నాలుగూ మింగేవారికి అరుగు అంచు. ఒట్టి బీపీ మాత్ర వాళ్ళు కింది మెట్టు మీద సర్దుకోవాలి. ఏ జబ్బూ లేని పాపానికి బడిపంతులు నిమాయ్ బాబు పన్నెండేళ్ళుగా నిలబడే పేపరు చదువుతున్నాడు. మనిషి మంచివాడే, ఏం లాభం?

గోడవార ఉన్న పేము కుర్చీ మాత్రం శశధర్ తలాపాత్ర గారిది. నీళ్ళ ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగినాయన. రోజుకి తొమ్మిది మాత్రలు. పైగా లాల్చీ జేబులో వెండి భరిణె, అందులో నాలిక కింద పెట్టుకునే మాత్రలు. ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు గనక, ఆయన రోజూ సాయంత్రం దాన్ని తీసి, అందరికీ చూపించి, మళ్ళీ జేబులో వేసుకునేవాడు.

అరుగు మీద మర్యాదలకి లోటుండేది కాదు. "అనాదీ, నీ నీలం మాత్ర నునుపుగా ఉందోయ్, ఒకటిలా పడెయ్యి" అని ఒకరంటే, "తీసుకో దాదా, నీ పసుపుది ఒకటి ఇటియ్యి, రుచి చూస్తా" అని ఇంకొకరు. వక్కపలుకులు పంచుకున్నట్టే. ఎవరి డాక్టరుకీ ఈ సంగతి చెప్పేవారు కాదు. పాపం ఆయన్ని కంగారు పెట్టడమెందుకని.

శశధర్ బాబుకి తన మాత్రల గురించి తెలిసింది ఎన్నన్నది మాత్రమే. ఏది ఏమిటో తెలిసింది ఆయన భార్య బిభావతికి. నాలుగో తరగతితో బడి మానేసినా, రక్తం పలచబరిచేది తెల్లదనీ, కొవ్వు తీసేది గులాబీదనీ, ఒంట్లో నీరు లాగేదాన్ని సగం విరిచి పొద్దుటే వెయ్యాలనీ, ముప్ఫై ఏళ్ళ నాటి చుట్టాల పెళ్ళి తారీఖుల్లాగే అన్నీ నోటికొచ్చు. చిన్న చిన్న ఇత్తడి గిన్నెల్లో పూటపూటకీ సర్దిపెట్టేది. ఆదివారం మాంసం మారు వడ్డించమంటే మాత్రం గునిసేది.

"డాక్టరు వద్దన్నాడు కదండీ."

"మరి కొవ్వు మాత్ర దేనికి మింగుతున్నానే? దానికీ కాస్త పని ఉండొద్దూ?"

బిభావతి మారు వడ్డించేది.

అలా ఉండగా, ఆ ఏడు దుర్గాపూజ వెళ్ళిన దగ్గర్నుంచీ, తడిబట్టల బకెట్టుతో డాబా మెట్లెక్కితే చాలు, బిభావతికి రొమ్ము మధ్య సన్నికల్లు పెట్టినట్టయ్యేది. దవడ దాకా లాగేది. నాలుగు మెట్లకోసారి నిలబడాల్సి వచ్చేది.

"ఏమండీ, గుండెల్లో బరువుగా ఉందండీ."

"గ్యాస్" అన్నాడాయన, పేపరు దించకుండా.

సంగతి అరుగు దాకా వెళ్ళింది. పెద్దలు ఏడుగురు కిటికీ దగ్గరికొచ్చి విచారణ జరిపారు.

"బౌదీ, వదినమ్మా, రాత్రి క్యాబేజీ గానీ తిన్నారా?" అన్నాడు అనాది కుందు. రెండు స్టెంట్లు, ఎనిమిది మాత్రలు, ఆయన మాటకి బరువెక్కువ.

"తిన్లేదు బాబూ. రాత్రి అసలేమీ తిన్లేదు."

"అదే మరి! ఖాళీ కడుపు గ్యాస్!"

వాము అరకు ఒకరు, ఇసబ్‌గోల్ ఒకరు, గులాబీ రంగు మందు సీసా ఒకరు పంపించారు. ఖాంతమణి సందు ఆడవాళ్ళని ఎంత బాగా చూసుకుంటుందంటే, అక్కడ మగవాళ్ళు గుండెపోటుతో పోతారు, ఆడవాళ్ళు గ్యాస్‌తో పోతారు. బిభావతి అత్తగారు గ్యాస్‌తో పోయింది. అనాది పెద్దక్క బట్టలుతుకుతూ గ్యాస్‌తో పోయింది. పక్కింటి కోడలు నలభై నాలుగేళ్ళకే పోతే, అంత చిన్న వయసులో అంత పెద్ద గ్యాసేమిటని అందరూ నోళ్ళు నొక్కుకున్నారు.

ఒకరోజు మెట్ల మీదే చెమటలు పట్టి, కళ్ళు చీకట్లు కమ్మి, బిభావతి గోడ పట్టుకుని దిగొచ్చింది. ఆయన స్నానానికెళ్ళాడు. లాల్చీ చిలక్కొయ్యకి వేలాడుతోంది. భరిణెలోంచి ఒక మాత్ర తీసి నాలిక కింద పెట్టుకుంది. కాసేపటికి ఆ సన్నికల్లుని ఎవరో చేత్తో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. గ్యాస్ మందుతో నెల్లాళ్ళుగా జరగని పని.

ఒకటి తగ్గితే తెలిసిపోతుందేమోనని, పూజగదిలో ఠాకూరు విగ్రహం ముందున్న నకుల్‌దానా, అదేనమ్మా, ప్రసాదానికి పెట్టే చక్కెర గుండ్లు, ఒకటి తీసి భరిణెలో వేసింది. అలా ఒక్కొక్కటే తీస్తూ, ఒక్కొక్కటే వేస్తూ పోయింది. పుష్య మాసానికి భరిణె నిండా ప్రసాదమే మిగిలింది.

ఆ నెలలోనే అరుగు మీద ఫుట్‌బాల్ గొడవొచ్చి, శశధర్ బాబుకి గుండె పట్టేసింది. కుర్చీలో వెనక్కి వాలి, భరిణె తీసి, ఒకటి నాలిక కింద పెట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో లేచి కూర్చుని, మోహన్ బగాన్‌ని మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు. "చూశారా మందు మహిమ!" అన్నారందరూ. మర్నాడు అనాదికి పట్టేస్తే అతనికీ ఒకటి ఇచ్చాడు. అతనూ లేచి కూర్చున్నాడు. కిటికీలోంచి ఇదంతా చూస్తున్న బిభావతికి రెండు సంగతులు తెలిసొచ్చాయి. ఆయన గుండె గట్టిది. తనది కాదు. ఇక మాత్రలు కూడా లేవు.

సరస్వతీపూజ నాడు క్లబ్బువాళ్ళు శశధర్ బాబుకి హృదయవీర సన్మాన సభ పెట్టారు. దగ్గర్లోని ఆసుపత్రి నుంచి మందిరా సోమ్ అనే పడుచు డాక్టరమ్మని ముఖ్య అతిథిగా పిలిచారు. అధ్యక్షుడు మఫ్లరు సర్దుకుని, "సోదరులారా! ఈ సందు దేశానికేమిచ్చిందని రేపు ఎవరైనా అడిగితే, తొమ్మిది మాత్రలు మింగి కూడా చలించని ఈ ఛాతీని చూపిస్తాం!" అన్నాడు. చప్పట్లు మోగాయి. తొమ్మిది గిన్నెలున్న ఇత్తడి పళ్ళెం వేదిక మీదికి తేవడం బిభావతి వంతు.

మూడో మెట్టు మీద పళ్ళెం జారింది. అంత చలిలోనూ ఆవిడ రవికె తడిసి ముద్దయింది.

"గ్యాస్!" అన్నాడు అధ్యక్షుడు మైకులో. "కంగారు పడొద్దు. పాట కానివ్వండి."

డాక్టరమ్మ ఒక్క అంగలో కిందికి దిగి నాడి పట్టుకుంది. "ఇది గ్యాస్ కాదు. నాలిక కింది మాత్ర ఎవరి దగ్గరైనా ఉందా? త్వరగా!"

శశధర్ బాబు ఈ ఘడియ కోసమే పుట్టినట్టు లేచాడు. "నా ప్రాణానికని దాచుకున్నది నా భార్యకిస్తున్నాను" అని సభకి వినిపించేలా చెప్పి, భరిణె తెరిచి, ఒకటి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

బిభావతి ఆయన మొహం చూసింది. నలభై ఏళ్ళుగా పదిమందిలో ఆ మొహం చిన్నబోకుండా కాసుకొచ్చింది. నోరు మూసుకుంటే ఆయన పరువు నిలుస్తుంది. తను నిలవదు.

"అది నకుల్‌దానా అండీ" అంది. "ఠాకూరు ప్రసాదం. అసలువన్నీ నేనే వాడేసుకున్నాను. మెట్లెక్కినప్పుడల్లా."

భరిణె అంచు మీదుగా చీమల బారు నింపాదిగా నడుస్తోంది. డాక్టరమ్మ తన సంచీలోంచి అసలు మాత్ర తీసి, బండి పిలిపించి, ఆవిడతో పాటు తనూ ఎక్కింది.

పది రోజులకి బిభావతి ఇంటికొచ్చింది. ఒక స్టెంటు, పది మాత్రలు. అరుగు మీద ఇంత కలవరం ఎన్నడూ పుట్టలేదు. పది తొమ్మిది కన్న ఎక్కువాయె! అత్యవసర సమావేశం జరిపి రెండు తీర్మానాలు చేశారు. భార్య మింగే మాత్రలు భర్తకే చెందుతాయి గనక శశధర్ బాబువి పంతొమ్మిది, కుర్చీ ఆయనదే. రెండోది, ఇద్దరు పెద్దమనుషుల ప్రాణం నిలబెట్టింది గనక నకుల్‌దానా కూడా గుండె మందే.

ఆ సాయంత్రమే అనాది భార్య లావణ్య వంటింటి వైపు నుంచి వచ్చి, గొంతు తగ్గించింది.

"దీదీ, మెట్లెక్కితే నాకూ గ్యాసే. దవడ దాకా వస్తోంది."

"ఎన్నాళ్ళ నుంచే?"

"రెండేళ్ళు."

సోమవారం పొద్దున పదకొండుమంది ఆడవాళ్ళు డాక్టరమ్మ గది ముందు వరసలో కూర్చున్నారు. అందరికన్నా ముందు గొడుగు పట్టుకుని బిభావతి.

అరుగు మీద పెద్దలు మాత్రల డబ్బాలు ముందేసుకుని కూర్చున్నారు.

"పొద్దుటిది తెల్లదా, గులాబీదా?"

"నన్నడుగుతావేంటోయ్, మా ఆవిడకి తెలుసు."

"ఆవిడేదీ?"

"మీ ఆవిడతోనే వెళ్ళింది."

శశధర్ బాబుకి చెమటలు పట్టాయి. ఛాతీ మీద చెయ్యేసుకుని, "నిమాయ్, ఇక్కడేదో బరువుగా ఉందిరా" అన్నాడు.

నిమాయ్ బాబు పేపరు దించలేదు.

"గ్యాస్, దాదా."