బాలింత చెవిలో దూది

చెడ్డ ఆలోచన వచ్చి ఎవరి గుండె గుభేలుమంటే వాళ్ళ చెవిలోంచి ఆ తలపు రాసి ఉన్న పసుపు చీటీ ఊడిపడడం ఆ ఊళ్లో మామూలే. పడ్డ చీటీని తలపుల శాఖలో అప్పగించాలి. గుండె గుభేలుమనని వాళ్ళకి చీటీ పడదు. వాళ్ళని శాఖవారు నిర్మలులంటారు.

హైమావతి నెల తిరగని బాలింత. పాపాయిని కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోస్తుంటే, ‘ఈ బకెట్లో ముంచేస్తేనో?’ అని తలపొచ్చింది. అమ్మో అని బిడ్డను గుండెకి హత్తుకుంది. చీటీ పడింది. అది పదకొండోది. పదకొండు పడ్డ తల్లి బిడ్డను ముట్టుకోకూడదు. పాపాయిని అత్తగారు సూరమ్మ చేతికిచ్చి, ఆవిణ్ణి తోడు తీసుకుని శాఖకి పరిగెత్తింది.

“ముంచాలనుందేటమ్మా?” అని అడిగాడు గుమస్తా సన్యాసిరావు.

“అయ్యబాబోయ్, ఆ మాటనకండి బాబూ! దానికేటైనా అయితే నాను బతకను.”

టప్పున చీటీ రాలింది. “పన్నెండు,” అని రాసుకుని మళ్ళీ అడిగాడు. పదమూడు. ముంచనని ప్రమాణం చెయ్యమన్నాడు. చేసేలోగా ఇంకో రెండు రాలాయి.

నిబంధన ప్రకారం పాపని ఇంట్లో ఉన్న నిర్మలుడికి అప్పగించాలి. హైమావతి బావగారు వీరభద్రానికి పుట్టి బుద్ధెరిగాక ఒక్క చీటీ పడలేదు. పోయిన నెల పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టిన పూటా పడలేదు. ఆవిడే ఇప్పుడు కట్టుతో వచ్చి ఈ అప్పగింతకి ఎడంచేత్తో సాక్షి సంతకం పెట్టింది. ఏం ఘోరమండీ ఇది! వణికిపోయే తల్లి నేరస్థురాలట, చెయ్యి విరిచినవాడు సంరక్షకుడట! ఈ నిబంధన రాసినవాడికీ చీటీ పడి ఉండదు.

వీరభద్రం పాపని ఒంటిచేత్తో అందుకుని, “ఏడిస్తే ఒకటి తగిలిస్తాను, అదే ఊరుకుంటాది,” అన్నాడు. చీటీ పడలేదు. సన్యాసిరావు మెచ్చుకోలుగా తలూపాడు.

హైమావతి మెట్లమీద కూలబడి ఏడ్చింది.

“చెవిలో దూది తియ్యొద్దని చెప్పానా నేదా?” అంది సూరమ్మ.

“చలిగాలి దూరకండా అనుకున్నానత్తా. దురదేసి తీసేశాను.”

సూరమ్మ అటూ ఇటూ చూసి తన చెవిలోని దూది లాగింది. దాంతోపాటు ముప్పై ఏళ్ళనాటి నలిగిన పసుపు చీటీ బయటికొచ్చింది. ‘బావిలో పడేస్తేనో’ అని ఉంది దానిమీద. కింద ఆవిడ చిన్నకొడుకు పేరు, అంటే హైమావతి భర్త పేరు.

“మాయమ్మకీ పడ్డాయి. నోర్మూసుకుని పెట్టుకో.”

పెట్టుకుంది. చీటీలు బయటికి రాలేదు, లోపలే పోగుపడ్డాయి. నెల తిరిగేసరికి హైమావతి నిర్మలుల జాబితాలో చేరింది. తొడమీద కమిలిన మచ్చతో పాప తిరిగొచ్చింది. ఆ మచ్చ రాసుకోవడానికి శాఖవారి కాగితంలో గడి లేదు.

టీకా వెయ్యడానికొచ్చిన నర్సు, బిడ్డను ఎత్తుకోడానికి హైమావతి చేతులు వెనకాడడం చూసింది. దగ్గరగా జరిగి, “అలాంటి తలపులు అందరికీ వస్తాయమ్మా. బిడ్డంటే ప్రాణం కాబట్టే నువ్వు హడలిపోతున్నావు. నీ తప్పేం లేదు,” అంది.

హైమావతి మర్యాదగా నవ్వింది. “ఏటన్నారమ్మా? వినపళ్ళేదు.”