అసలు సిసలు అవమానం

శుక్రవారం సాయంత్రం సభలో మంత్రిగారి మనోభావాలు దెబ్బతింటాయని మంగళవారమే ప్రకటన వెలువడింది. ఇంతటి ముందుచూపు గల నాయకుడు మరొకరు లేరు.

రాసింది పీఏ. రాయక చస్తాడా? మంత్రివర్గంలో మార్పులు దగ్గరపడ్డాయి. ఆ పార్టీలో ఎవరికి ఎంత అవమానం జరిగితే వారిది అంత స్థాయి. తక్కిన మంత్రులను రోజూ తిట్టిపోస్తున్నారు. మన మంత్రిగారిని పల్లెత్తు మాట అన్నవాడు లేడు. ఆయన పదవి పోతే పీఏ ఉద్యోగమూ గోవిందా. ఆ బెంగతో అతనికి తిండి సహించడం లేదు.

"పత్రికలవాళ్లని బతిమాలావా?"

"బతిమాలాను సార్. మీ గురించి రాయడానికి ఏమీ లేదంటున్నారు."

"అయితే ఇన్సల్ట్ అంటే అసలేంటో కనుక్కో. పునాది నుంచి వద్దాం." ఏ పనైనా పునాదిరాయితో మొదలుపెట్టి అక్కడే ఆపడం ఆయన ప్రత్యేకత.

ఇంగ్లీషు మాస్టారు వచ్చి కళ్లజోడు తుడుచుకున్నారు. "లాటిన్‌లో దాని మూలం మీదికి దూకడం అండీ. తర్వాత గెలిచినవాడు ఓడినవాడి ముందు ఎగిరెగిరి పడటమైంది. మాటలతో నొప్పించడం ఆ తర్వాతి సంగతి."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. "చూశావా! వాళ్లకి జరుగుతున్నవన్నీ నకిలీవి. మనం అసలుది చేయిద్దాం. నా మీదికి ఎవరు దూకుతారు?"

ఒక కార్యకర్తకు నడుంనొప్పి. ఇంకొకడి మామగారికి సీరియస్. చివరికి అందరూ పీఏ వైపు తిరిగారు.

శుక్రవారం సభలో పీఏ బల్లెక్కి, కళ్లు మూసుకుని దూకాడు. ఇద్దరూ వెళ్లి పూలకుండీల్లో పడ్డారు.

"క్షమించండి సార్!"

"శభాష్. ఇంకోసారి దూకు, కెమెరావాడు ఇటు చూడలేదు" అన్నారు మంత్రిగారు, కిందనుంచే.

మర్నాడు పత్రికల నిండా పీఏనే, గాల్లో. అడుగున మంత్రిగారి చెప్పు ఒకటి కనిపిస్తోంది. "మా అందరి తరఫునా దూకావయ్యా" అంటూ జనం అతన్ని దారిలో ఆపి దండలేశారు. అధినేత నుంచి కబురొచ్చింది. ఉద్యోగం ఊడిందనుకుంటూ వెళ్లాడు.

"మీ శాఖకి నలుగురికీ తెలిసిన మనిషి కావాలి. నువ్వే మంత్రివి" అన్నారు అధినేత.

"మరి మా మంత్రిగారు..."

"ఆ శాఖకి మంత్రి ఉన్నాడా?"

ప్రమాణస్వీకారం అయిపోయింది. కొత్త మంత్రిగారు కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే ఫోన్ మోగింది. కొత్త పీఏ తీసి విన్నాడు, చేత్తో మూశాడు.

"ఎవరో పెద్దాయన సార్, ఏడుస్తున్నారు. ఇన్నాళ్లకి నిజంగా అవమానం జరిగిందట. మిమ్మల్ని ప్రకటన రాసిపెట్టమంటున్నారు."

కొత్త మంత్రిగారికి పాపం, జాలే వేసింది.

"ఎవరైనా చూశారేమో అడుగు."