మౌనం పాటించిన అడవి

ఒక పెద్ద అడవిలో వాగుకి ఇవతల పులి పాలన, అవతల చిరుత పాలన. రెండువైపులా రేచుకుక్కలు పడి లేళ్ళ పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. ఇది ఉమ్మడి సమస్య, ఉమ్మడిగానే తేల్చాలంటూ ఎక్కడో దూరపు అడవి నుంచి ఏనుగు వచ్చి సభ పెట్టింది. కుక్కలు ఏనుగు జోలికి రావు కాబట్టి అధ్యక్షత దానికే దక్కింది.

ఒక లేడి చంటిపిల్లతో వచ్చి నిలబడింది. దాని పెద్దపిల్ల మొన్ననే కుక్కల పాలైంది.

"అయ్యా, ఈ ఒక్కదాన్నయినా దక్కించండి."

"తప్పకుండానమ్మా! ముందు రేచుకుక్క అంటే ఏమిటో తేల్చుకోవాలి కదా," అంది ఏనుగు.

"కరిచేది," అంది లేడి.

పెద్దలు నవ్వుకున్నారు. అంత తేలికైతే సభలెందుకు?

"వాగు దాటి ఇటొచ్చి కరిస్తేనే రేచుకుక్క," అంది పులి. "అటు వెళ్ళేవి మా కుర్రాళ్ళు. కాస్త దుడుకు, అంతే."

"భలే చెప్పావు బావా! ఇటొచ్చే మావాళ్ళూ అంతే. పాపం, కడుపుమంట!" అంది చిరుత.

ఆ కడుపులకి రోజూ ఎముకలు వేసేది చిరుతే. పులీ తక్కువ తినలేదు. ఆ పొద్దున కూడా ఇద్దరూ కుక్కలకి ఎముకలు వేసి, పంజాలైనా కడుక్కోకుండా వచ్చారు. ఇద్దరికీ ఎముకలు మోసుకొచ్చి ఇచ్చేది ఏనుగు అనుచరులే.

సాయంత్రానికి ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. చనిపోయిన పిల్లల కోసం మౌనం పాటించాలి. అందరూ లేచి, తలలు వంచి, కళ్ళు మూసుకున్నారు. ఎవరూ కిక్కురుమనకూడదని సభామర్యాద.

ఈ మర్యాద కుక్కలకి కంఠతా వచ్చు. ఎన్ని సభలు చూడలేదు! పొదల్లోంచి మెల్లగా దిగాయి.

లేడి కళ్ళు మూసుకోలేదు. బిడ్డ పోయిన తల్లికి కళ్ళెలా మూతపడతాయి?

"కుక్కలొచ్చాయి! పరిగెత్తు!" అని కేక పెట్టింది.

"ష్, మౌనం!" అంది ఏనుగు.

పిల్ల ఒక్క దూకులో పొదలు దాటేసింది. కుక్కలు ఎముకల వాసన పట్టుకుని తిన్నగా పులి పంజా మీదా, చిరుత పంజా మీదా పడ్డాయి.

కట్లు కట్టించుకుంటూనే ఇద్దరూ నిర్వచనం తేల్చేశారు: పెద్దల్ని కరిచేదే రేచుకుక్క.

"మరి మా పిల్లల సంగతి?" అంది లేడి.

"నీ పిల్ల బతికే ఉందిగా, దానికి సభ చేసేదేముంది?" అంది ఏనుగు. మౌనభంగం చేసి కుక్కల్ని రెచ్చగొట్టినందుకు లేడిని సభ నుంచి వెలివేసింది.

నీతి: పెద్దల సంతాపం కావాలంటే చావాలి, బతకాలంటే మాత్రం వాళ్ళ మౌనం చెడగొట్టాలి.