జుండెల్ గొంతు పోయిన ఉదయం

యూదుల పస్కా పండగ ఆ సాయంత్రమే. జుండెల్ ష్మూక్లర్ తెల్లవారుతూనే లేచి, తన గొంతు పోయిందని చెప్పాలని తీర్మానించుకున్నాడు. పథకం సులువైనది. మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుంటాడు. ప్రార్థనలు జరిగే సమాజమందిరంలో ఎవరు పలకరించినా గొంతు చూపించి చెయ్యి ఊపుతాడు. తను చదవాల్సిన చివరి పుట ఇంకెవరో చదువుతారు. తను ఇంటికొచ్చి పడుకుంటాడు.

నాలుగేళ్లుగా మంగళవారం మంగళవారం ఆయన పెద్దల తరగతిలో కూర్చుంటున్నాడు. ఏడుగురు ముసలివాళ్లు, పాఠం చెప్పే ఒక కుర్ర రబ్బీ, బల్ల మీద ధర్మశాస్త్ర చర్చల తల్మూద్ గ్రంథం. ప్రార్థన పుస్తకంలో గుణింతాలుంటాయి కాబట్టి ఎలాగో కూడబలుక్కునేవాడు. తల్మూద్‌లో ఉన్నవి గుణింతం లేని ఉత్త హల్లులు. జుండెల్‌కు ముక్క రాదు. ఇనుప సామాన్ల కొట్టు నడిపినవాడు, మేకుల సైజులు తెలుసు. భార్య మిన్నా పోయాక గోడలతో మాట్లాడలేక వెళ్లాడు, అంతే. ఎవరైనా తనవైపు చూస్తే గడ్డం నిమురుకుని, "దీనికి ఇంకో కోణం కూడా ఉంది," అనేవాడు. ఆ ఒక్క మాటతో జోహన్నెస్‌బర్గ్‌లోని ఆ పేటకంతా పండితుడైపోయాడు. గ్రంథం ముగిసే రోజున చివరి పుట చదివే గౌరవం ఆయన నెత్తిన పడింది.

పస్కా ముందు పగలు తొలిచూలు మగవాళ్లంతా ఉపవాసం ఉండాలి. వాళ్ల ఎదుట ఎవరైనా ఒక గ్రంథం ముగిస్తే అది వేడుక కిందికి వస్తుంది, అప్పుడు తినవచ్చు. అయితే పది దాటాక పులిసిన పిండి వంటకాలేవీ ముట్టకూడదు. ఆ ఉదయం సమాజమందిరంలో నలభైమంది ఆకలి మీద కూర్చుని ఉన్నారు. వంటగది గుమ్మంలో, అక్కడి పలహారాలు చూసుకునే ఫ్రేదా, గోధుమపిండి కిచెల్ బిళ్లల పళ్లెం పట్టుకుని నిలబడింది. గుట్టు బయటపడితే మంగళవారం కుర్చీ పోతుంది. జుండెల్ ఎడమ చేత్తో మఫ్లరు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏవోయ్, ఆ మఫ్లరేంటి? మంచు పడుతోందా?" అన్నాడు పక్క కుర్చీ మోటెల్.

జుండెల్ గొంతు చూపించాడు.

"మాట పడిపోయిందిట!" మోటెల్ అరిచాడు. "డాక్టరుగారూ!"

తొలిచూలు వాళ్లలో డాక్టర్ బెర్కో ఉంటాడన్న సంగతి జుండెల్‌కు తట్టలేదు. డాక్టరు టార్చి వేసి నోట్లోకి రెండుసార్లు చూశాడు.

"ఎరుపు లేదు, వాపు లేదు, మాటా లేదు. అదే నాకు నచ్చటంలేదు. ఏదీ, నవ్వండి."

మిన్నా పోయాక జుండెల్ ఆ పని మానేశాడు. ప్రయత్నిస్తే మూతి ఒక పక్కకే వెళ్లింది.

"రెండు చేతులూ ఎత్తండి."

ఎడమ చెయ్యి వదిలితే మఫ్లరు జారిపోతుంది. కుడిదే ఎత్తాడు.

"పక్షవాతం," అన్నాడు డాక్టరు.

బల్ల మీద పడుకోబెట్టారు. అంబులెన్స్‌కు ఫోన్ చేశారు. ఫ్రేదా పళ్లెంతో సహా పరుగెత్తుకొచ్చింది.

"డబ్బా చేపలు తిని బతికే మగాడికి ఇంతకంటే ఏమవుతుంది! ఏమయ్యా, మీ అమ్మ పేరేంటి? ప్రార్థనలో చెప్పాలి."

జుండెల్ నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకున్నాడు.

"అయ్యయ్యో, కన్నతల్లి పేరు కూడా మర్చిపోయాడు!"

"మెదడుకెక్కింది," అన్నాడు డాక్టరు.

ప్రాణం మీదికి వస్తే పేరు మార్చడం వాళ్ల ఆనవాయితీ. పాత పేరు పట్టుకుని వచ్చిన మృత్యుదూత మనిషి దొరక్క వెనక్కి పోతాడని నమ్మకం. కుర్ర రబ్బీ ఎఫ్రాయిమ్, "ఇకమీదట ఈయన జుండెల్ కాదు, హయీమ్," అన్నాడు. హయీమ్ అంటే ప్రాణం. నలభైమందీ కీర్తనలు అందుకున్నారు.

అప్పుడు జుండెల్‌కు నిజమైన భయం పుట్టింది. ఇవే కీర్తనలు మిన్నా మంచం పక్కన విన్నాడు. ఆమె లేవలేదు. లేని రోగం చెప్పి మృత్యుదూతకు కబురంపింది తనే. ఎడమ చెయ్యి నిజంగానే తిమ్మిరెక్కింది. నాలుక పిడచగట్టుకుపోయింది.

"తొమ్మిదిన్నరయింది రబ్బీగారూ," ఎవరో గొణిగారు. "ఆయన సంగతి దేవుడు చూస్తాడు, మా సంగతేంటి?"

"ఈ పాఠం మీ తరగతిది, ముగించాల్సిందీ మీలో ఒకరే. మోటెల్ గారూ, మీరు చదవండి," అన్నాడు రబ్బీ.

మోటెల్ గుండె పట్టుకున్నాడు. "నాక్కూడా ఏదో అవుతోందండీ."

ఇంకొకడు కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. అది అతని ముక్కు మీదే ఉంది.

జుండెల్ దిగ్గున లేచి కూర్చున్నాడు. "నాకే రోగమూ లేదు! నాకు ముక్క రాదు, అంతే!"

"మాటొచ్చింది!" ఫ్రేదా కెవ్వుమంది. "పేరు మార్చగానే వచ్చేసింది!"

అందరూ మీద పడి కౌగిలించుకున్నారు. డాక్టరు అంబులెన్స్ వద్దని ఫోన్ చేసి కళ్లు తుడుచుకున్నాడు. చివరి పుట తెరిచి ఆయన ముందు పెట్టారు.

"చదవను. రాదు. నాలుగేళ్లూ మోసం చేశాను. నా కుర్చీ తీసేసుకోండి."

ఈసారి అందరికీ వినపడింది. రబ్బీ ఆయన దగ్గరికి వంగాడు.

"మరి... ఆ ఇంకో కోణం?"

"ఏదీ లేదు."

"వారం వారం ఇంటికెళ్లి దానికోసం వెతుక్కునేవాణ్ణి," అన్నాడు రబ్బీ. "దొరికేది కూడా."

తరగతిలో చదవగలిగినవాళ్లని చెయ్యెత్తమన్నాడు. మిగిలిన ఆరుగురూ నేల చూశారు. గడియారం చూసుకుని, రబ్బీ ఒక్కొక్క మాటే పలికాడు. జుండెల్ చెమటలు కక్కుతూ ఒక్కొక్క మాటే తిరిగి అన్నాడు. పదికి నాలుగు నిమిషాలుందనగా గ్రంథం ముగిసింది. నలభైమందీ ఫ్రేదా పళ్లెం మీదికి వెళ్లారు.

పండగ వెళ్లాక వచ్చిన మంగళవారం, అదే గ్రంథం మొదటి మాట నుంచి మళ్లీ మొదలైంది. చదవడం రాకపోయినా తరగతికి రావచ్చని తెలిసి పేటలో సగంమంది వచ్చారు. జుండెల్ వెళ్లేసరికి ఆయన కుర్చీలో డాక్టర్ బెర్కో గడ్డం నిమురుకుంటూ కూర్చుని ఉన్నాడు.