ఒకటో నెంబరు మంత్రిగారిదే

తీర సాంకేతిక సంక్షేమ శాఖ మంత్రిగారు నెల్లూరులో పత్రికల వారిని పిలిపించి, ఇడ్లీ పెట్టించి, వచ్చే సోమవారం ఉదయం పదకొండు గంటల ముప్పై రెండు నిమిషాలకు బంగాళాఖాతానికి వైఫై ఇస్తున్నామని ప్రకటించారు. "ఇన్నాళ్ళూ తుపాను చెప్పాపెట్టకుండా వచ్చింది. ఇకమీదట నాకు చెప్పి రావాలి" అన్నారు. తుపానుతో ఇంత ఖచ్చితంగా మాట్లాడిన మంత్రి ఈ జిల్లాలో ఇంతవరకూ లేరు. పత్రికల వారు ముగ్ధులై రెండో వాయి ఇడ్లీ కూడా తిన్నారు.

ఆ వైఫై పడబోయే ఊరు దొరువుకుప్పం. పులికాటు సరస్సుకు అవతల, సముద్రానికి ఇవతల, నూట నలభై గడపల పల్లె. అక్కడ ఇసక దిబ్బ ఎక్కి చెయ్యెత్తితే ఫోనులో ఒక గీత కనిపిస్తుంది, చెయ్యి దించితే పోతుంది. గాలివాన కబురు ఆ ఊరికి గాలివానతో పాటే చేరుతుంది. కిందటేడు అలా చేరినప్పుడు ఇద్దరు మనుషులు తిరిగి రాలేదు.

అందుకే వైఫై పెట్టె వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ సంబరపడింది ఉష. ఆమె పంచాయతీ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటరు పని చూస్తుంది. పైగా రోజూ వేటకు పోయే గంగాధరం కూతురు. పెట్టెను ఒడ్డున స్తంభానికి బిగించి, కేబులు కలిపి, సెట్టింగులు తెరిచి, పల్లె పేరే దానికి పేరుగా పెట్టింది. శుక్రవారం తెల్లవారేసరికి వేటకు పోయేవాళ్ళంతా స్తంభం చుట్టూ చేరారు.

"ఏందిమే ఈ గీతలు?" అన్నాడు గంగాధరం ఫోనులోకి చూసి.

"గాలి నాయినా. పదింటికల్లా తూర్పు నించి గట్టిగా లేస్తాదంట."

గంగాధరం తొమ్మిదికే ఒడ్డుకు వచ్చేశాడు. పదింటికి గాలి లేచింది. ఆ సాయంత్రం అతను పెట్టె ముందు చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఉషకు కళ్ళు చెమర్చాయి.

శనివారం ఏర్పాట్లు చూడటానికి సహాయ సంచాలకులు జీవానందం గారు వేంచేశారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చేతుల మీదుగా చిన్న పొరపాటు కూడా జరగలేదు. ఏదైనా జరిగితేగా.

"ఇది పనిచేస్తోందా?" అన్నారు పెట్టెను చూసి ఉలిక్కిపడి.

"చేస్తుండాది సార్. నిన్నట్నించే..."

"ప్రారంభోత్సవం ఎప్పుడు?"

"సోమవారం సార్."

"మరి ఇవాళ ఎవరి అనుమతితో పనిచేస్తోంది?"

ఉష దగ్గర అనుమతి లేదు. ఆయన తన చొక్కాకున్న బ్యాడ్జీ పిన్ను తీసి పెట్టె వెనక రీసెట్ రంధ్రంలో గుచ్చారు. పెట్టె అన్నీ మరిచిపోయి మళ్ళీ కొత్తగా పుట్టింది.

ఈసారి సెట్టింగులు పద్ధతిగా జరిగాయి. నెట్‌వర్కు పేరుగా మంత్రిగారి పూర్తి పేరు పెట్టమన్నారు. బిరుదులతో కలిపితే పెట్టెలో అంత చోటు లేదు. ఏ బిరుదు తీసేస్తే ఏమవుతుందోనని జీవానందం గారు గంటసేపు ఆలోచించి, ఎవరికీ బాధ లేకుండా మొదటి మాట ఒక్కటే ఉంచారు. అలా దాని పేరు 'గౌరవనీయ' అయింది.

అసలు చిక్కు నెంబర్ల దగ్గర వచ్చింది.

"పెట్టె కిందికి వచ్చే ప్రతి ఫోనుకూ ఒక నెంబరుంటాది సార్, ఇంటి నెంబరు మాదిరి" అని ఉష వివరించింది. "పెట్టెది ఒకటి. ఫోన్లకు రెండు నించి."

"ఒకటో నెంబరు పెట్టెదా? మంత్రిగారు రెండా?" జీవానందం గారి మొహం పాలిపోయింది. "ఎల్లుండి సభలో మొదటి కుర్చీలో మైకును కూర్చోబెట్టి, మంత్రిగారిని పక్కకు జరగమందామా?"

"అయితే పెట్టెను చివరికి మారుస్తా సార్. మంత్రిగారి ఫోనుకు ఒకటి ఇద్దాం."

"పెట్టె నెంబరు ఒకటని టెండరు కాగితంలో ఉంది. పెద్దవాళ్ళ సంతకాలు అయిపోయాయి. మార్చకూడదు. ఇద్దరికీ ఒకటే ఇవ్వు."

"అట్టయితే ఊళ్ళో ఫోన్లన్నీ నెట్టు కోసం పెట్టె దగ్గరికి పోబోయి మంత్రిగారి ఫోను దగ్గరికి పోతాయి సార్."

"పోనీ. ప్రజలు మంత్రిగారి దగ్గరికి పోవడాన్నే ప్రజాస్వామ్యం అంటారు."

"ఆయన ఫోనులో నెట్టు ఉండదు సార్!"

"మంత్రిగారి దగ్గర లేనిదంటూ ఉంటుందా? నీ కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది కదమ్మా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగారు.

ఉష ఇద్దరికీ ఒకటే ఇచ్చింది. జీవానందం గారు రీసెట్ రంధ్రం మీద లక్క పోసి సీలు వేశారు. పెట్టె సెట్టింగులు తెరిచే పాస్‌వర్డు మార్పించి కవరులో పెట్టి రాజధానికి పంపించారు. సోమవారం ముహూర్తం దాకా పెట్టెను వెలిగించకూడదని ఆర్డరు వేశారు. డ్రోను కెమెరాలో అందంగా కనబడేందుకు ఆరు పడవలు మంత్రిగారు వెళ్ళేదాకా సముద్రంలోనే ఉండాలని ఇంకో ఆర్డరు.

సోమవారం పొద్దున్నే గంగాధరం అడిగాడు. "గాలెట్టుందో చూడుమే."

"పెట్టె ఆర్పేసుండారు నాయినా. పోబాక."

"ఆ ఆరు పడవల్లో మనదీ ఒకటి. పోకుంటే నీ ఉద్యోగానికి ముప్పొస్తాదని జెప్పి పంపించినాడు మీ సారు" అని పడవ తోశాడు.

పదకొండు ముప్పై రెండు ముహూర్తానికి మంత్రిగారు ఒంటిగంటన్నరకు వచ్చారు. మీట నొక్కారు. ఒకటో నెంబరు గల తమ ఫోనును గాల్లోకి ఎత్తి చూపించారు. అదే క్షణంలో ఊళ్ళో ఫోన్లన్నిటి మీదా 'గౌరవనీయ: కనెక్ట్ అయింది' అని పడింది. కింద చిన్న అక్షరాల్లో 'ఇంటర్నెట్ లేదు' అని కూడా ఉంది. చప్పట్లు మారుమోగాయి.

అప్పుడే గాలి లేచింది. షామియానా గుంజలు కదిలాయి. "చూశారా! సముద్రుడు కూడా చప్పట్లు కొడుతున్నాడు" అని మంత్రిగారు ఉపన్యాసాన్ని ఇంకో అరగంట పొడిగించారు.

ఉష వేదిక వెనక నుంచి జీవానందం గారి దగ్గరికి పరిగెత్తింది. "సార్, ఆ ఫోను ఒక్క నిమిషం ఆపమనండి. హెచ్చరిక వస్తే పడవలకు జెండా ఊపుతాం. మా నాయిన నీళ్ళలో ఉండాడు సార్."

"మంత్రిగారి ఫోను ఆపాలా?" ఆయన చెవులు మూసుకున్నారు. "ఈ మాట నువ్వు అనలేదు. నేను వినలేదు."

ఆ మనిషిని ఎత్తి సముద్రంలో పడెయ్యాలన్నంత కోపం వచ్చింది ఉషకు. ఆయన్ని వదిలేసి ఒడ్డుకు పరిగెత్తింది. ఐదు పడవలు ఎలాగో ఒడ్డు చేరాయి. గంగాధరం పడవ ఒడ్డు దగ్గరి అలల్లో బోల్తా కొట్టింది. నలుగురు తాడేసి అతన్ని లాగారు. ఎడమ భుజం జారిపోయి ఉంది.

మంత్రిగారు చలించిపోయారు. తడిసి వణుకుతున్న గంగాధరాన్ని వేదిక మీదికి ఎక్కించి, ముందస్తు హెచ్చరిక అందుకుని ప్రాణాలతో తిరిగొచ్చిన మొట్టమొదటి మత్స్యకారుడిగా ప్రజలకు పరిచయం చేశారు. దండ వేయబోతే జారిన భుజం మీద నిలవలేదు. ఆ ఉద్వేగంలో ఆయన తన ఫోనును తీసి, "ఈ ప్రాణం కాపాడిన ఫోను ఇక ఈ ఊరిదే" అని అక్కడికక్కడే బహూకరించారు.

వారం తిరక్కుండా స్తంభం పక్కనే అద్దాల పెట్టె లేచింది. లోపల ఫోను, దానికి ఇరవై నాలుగు గంటల ఛార్జింగు, తెర మీద మంత్రిగారి నవ్వు. ఫోను ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి, ఆరిపోతే ఉష ఉద్యోగం కూడా ఆరిపోతుంది. తెరిచి సెట్టింగు మారుద్దామంటే అది మంత్రిగారి వేలిముద్రకు తప్ప తెరుచుకోదు. కాపలాకు టైటస్ అనే హోంగార్డును వేశారు. ఒకటో నెంబరు వాళ్ళిద్దరూ పక్కపక్కనే ఉన్నంతకాలం ఊరికి నెట్టు రాదని ఉష రాసిన అర్జీకి, పథకం విజయవంతంగా నడుస్తున్నదని జవాబు వచ్చింది.

గంగాధరం భుజం కుదిరేసరికి నెలన్నర పట్టింది. మళ్ళీ వాయుగుండాల కాలం దగ్గర పడుతుంటే ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు హజరత్తయ్య ఊరిని కూర్చోబెట్టాడు.

"ఆ ఫోను ఒడ్డున లేకుంటే పెట్టె పనిచేస్తాదా మే?"

"చేస్తాది మామా. రెండొందల గజాలు దూరం పోతే చాలు."

అందరూ టైటస్ వైపు చూశారు. అతను జేబులోంచి ఆర్డరు తీసి రెండుసార్లు చదివాడు. "ఫోన్ని వదలకూడదని ఉండాది గానీ, యాడ ఉండాలో రాయలేదన్నా" అన్నాడు.

పులికాటులో వల వేసే చోట్లకు ఆ పల్లెల్లో చీటీలు తీసి వంతులు వేసుకుంటారు. ఎంతటివాడైనా వంతు తప్పకూడదు. ఇప్పుడు మంత్రిగారి ఫోనుకూ అలాగే చీటీలు రాశారు. రోజూ తెల్లవారగానే ఒక పడవ ఫోనును, టైటస్‌నూ ఎక్కించుకుని ముందుగా నీళ్ళలోకి పోవాలి. అది దూరమయ్యాక ఒడ్డున నెట్టు వస్తుంది, మిగతా వాళ్ళు గాలి చూసుకుని బయలుదేరతారు. గాలి మంచిది కాకపోతే ఎర్రగుడ్డ ఊపి మొదటి పడవను వెనక్కి పిలుస్తారు. ఆ ఒక్క పడవ మాత్రం ఏమీ తెలియకుండానే పోతుంది.

మొదటి చీటీ గంగాధరానికి వచ్చింది.

"మామా, ఆ చీటీ ఎనక్కి ఏసెయ్. ఇప్పుడే గదా లేచినాడు" అని ఉష ఏడ్చింది.

"వంతంటే వంతేమే" అన్నాడు గంగాధరం. "మంత్రిగారిని తీసకరా పో."

మర్నాడు వేకువనే ఉష ఫోనును ప్లాస్టిక్ కవరులో చుట్టి టైటస్ చేతికిచ్చింది. లైఫ్ జాకెట్ తొడుక్కున్న టైటస్, కవరులో నవ్వుతున్న మంత్రిగారు, తెడ్డు పట్టిన గంగాధరం అలలు దాటారు. పడవ చిన్నదైపోయింది. ఒడ్డున ఒకదాని తర్వాత ఒకటిగా ఫోన్లు మోగాయి.

ఉష ఫోనులో మొదట వచ్చింది మంత్రిగారి ప్రకటన. దొరువుకుప్పంలో ఘనవిజయం సాధించిన పథకాన్ని తీరం పొడవునా ఇరవై మూడు పల్లెలకు విస్తరిస్తున్నారు. ఇరవై మూడు ఫోన్లకు, ఇరవై మూడు అద్దాల పెట్టెలకు టెండర్లు పిలిచారు. వైఫై పెట్టెల మాట అందులో లేదు.

దాని కింద వాతావరణ హెచ్చరిక ఉంది. ఉష ఎర్రగుడ్డ లాక్కుని నడుంలోతు నీళ్ళలోకి పరిగెత్తింది.